కూర్మారావు రాజీ

రాయగడలోని ఆ చిన్న ఆఫీసు మెట్లెక్కేసరికి గున్నమ్మకు ఆయాసంతో మాట రాలేదు. ఆఫీసులో సహాయకురాలు మోనికా ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు రెండు చేతులా పట్టుకుంది గాని తాగలేదు.

"నా కొడుకుని పోలీసులు పట్టుకుపోనారు బాబూ. మా పక్క పొలం కూర్మారావు పశువుల సాల మా లక్ష్మణుడే కాల్సేసేడట. ఇప్పుడా కూర్మారావే కబురెట్టేడు. నాను గట్టు కేసు ఎనక్కి తీసుకుంటే తానూ సాల కేసు తీసేస్తాడట. సంతకం ఎట్టీనా?"

డిటెక్టివ్ జీవరాజు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "గట్టు కేసు వేసింది నువ్వేనా?"

"నానే. నా పొలంలోకి గట్టు జరిపేడు."

"అయితే అది నీది, గున్నమ్మా. నీకూ అతనికీ మధ్య తగువు. ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదో చూసి కోర్టు హక్కు తేలుస్తుంది. నువ్వు మానుకుంటే అక్కడితో సరి. శాల కేసు అలా కాదు. అది ప్రభుత్వానికీ నీ కొడుక్కీ మధ్య. అనుమానం మిగలకుండా రుజువు చేయాల్సిందీ ప్రభుత్వమే. కూర్మారావు అందులో ఒక సాక్షి, అంతే. నిప్పు పెట్టిన కేసుకు రాజీ లేదు."

"అంటే, సంతకం ఎట్టినా..."

"భూమి పోతుంది. కొడుకు లోపలే ఉంటాడు."

గున్నమ్మ అప్పుడు నీళ్లు తాగింది.

మోనికా లా చదివింది. ఇదంతా పరీక్షల్లో పేజీలకొద్దీ రాసింది. ఒక తల్లికి ఇంత తేలిగ్గా చెప్పడం మాత్రం ఆమెకింకా పట్టుబడలేదు.

మర్నాడు జీవరాజు, మోనికా వెళ్లేసరికి, గుణుపురం దగ్గర వాళ్ల ఊళ్లో కూర్మారావు తన ఇంటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటి, ఆ ముసల్ది తెచ్చిందా మిమ్మల్ని? సూసుకోండి. బూడిద తప్ప ఏటీ మిగల్లేదు."

"అప్పుడు మీరెక్కడ?" అడిగాడు జీవరాజు.

"నానూ మా ఆడదీ సంతలో. పశువులు కొండకి మేతకెళ్లేయి. ఇంటికి తాళమేసి పోయేం. మేం వచ్చేతలికి కప్పు కూలిపోనాది."

"తాళం చెవి?"

"నా మొలకే. ఏం, దొంగతనం కూడా కడతారేటి నామీద?"

శాల మూలలో మూడు ఇటుకలు దగ్గరగా పేర్చి ఉన్నాయి. పక్కన మట్టి మూకుడు, దాన్నిండా మాడిన వడ్లు. జీవరాజు సైగ చేస్తే మోనికా బూడిదంతా కెలికింది. ఎముక ముక్క కూడా దొరకలేదు.

తర్వాత ఆయన దాహమన్నాడు. కూర్మారావు భార్య పుణ్యవతి లోపల గదిలోంచి నీళ్లు తెచ్చింది. ఆ గది మూల బుట్టలో ఒక కోడిపెట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. బుట్టలో గడ్డికి పొగ వాసనైనా లేదు.

"పెట్టను ఇక్కడే పొదగేశారా అమ్మా?"

పుణ్యవతి మొగుడి వైపు చూసింది.

ఆ సాయంత్రం జీవరాజు ఎస్సైనీ, ఊరి పెద్దల్నీ, గున్నమ్మనీ అదే వాకిట్లోకి పిలిపించి, శాలలోని మూకుడు తెప్పించి అరుగు మీద పెట్టాడు.

"గున్నమ్మా, గుడ్ల మీదున్న పెట్టను మీరు కదుపుతారా?"

"పిల్లలు లేసేదాకా ఎవులు కదుపుతారు బాబూ? గుడ్లు మురిగిపోవా?"

"ఈ పెట్టను కదిపారు. ఇది శాలలో ఆ మూడు ఇటుకల మధ్య పొదిగేది. మూకుడూ, మేత వడ్లూ అక్కడే మాడిపోయాయి. పెట్ట మాత్రం మాడలేదు, దాని గడ్డికి మసి కూడా అంటలేదు. అంటే మంటకు ముందే ఎవరో దాన్ని ఇంట్లో పెట్టారు. ఇంటికి తాళం. చెవి కూర్మారావు మొలకు. ఆ వేళ శాల కాలుతుందని లక్ష్మణుడికి తెలిస్తే తెలియవచ్చు గాని, ఈ గదిలోకి ఎలా వస్తాడు?"

కూర్మారావు భార్య మీదికి లేచాడు. "కోడి కోసం నన్ను అమ్మేసేవే, దరిద్రపుదానా!"

"అంటించీసి సంతకొస్తాను, నువ్వు ముందు నడు అన్నావు," అంది పుణ్యవతి. ఆమె చూపు దించలేదు. "గుడ్ల మీదున్నదాన్ని కాల్సమంటావేటి?"

కూర్మారావు ఎస్సై వైపు తిరిగి చేతులు దులుపుకున్నాడు. "సరే, నా కేసు నాను తీసేసుకుంటన్నాను. అయిపోనాది. ఇంక ఎల్లండి."

"ఎవరి కేసు?" అన్నాడు జీవరాజు. "అది నీది ఎప్పుడూ కాలేదు. నువ్వు మొదలెట్టించావు, ఆపడం నీ చేతుల్లో లేదు. ఇప్పుడది నీ వైపే తిరిగింది."

ఎస్సై అతన్ని జీపెక్కించాడు. లక్ష్మణుణ్ణి విడిపించడానికి కోర్టుకు రాసి పంపుతానని గున్నమ్మకు చెప్పాడు.

గున్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, జీపు వెళ్లిన దారిని చాలాసేపు చూసింది. "మరి నా గట్టు కేసో బాబూ?"

"అది వేరే. నడపాలన్నా ఆపాలన్నా నీ ఇష్టం."

"నడుపుతాను," అంది గున్నమ్మ.

వెళ్లబోతూ అరుగు దగ్గర ఆగింది. పుణ్యవతి తల వంచుకుని కూర్చుని ఉంది. గున్నమ్మ మాడిన మూకుడు పక్కకి నెట్టి, తన కొంగు ముడిలోని గుప్పెడు బియ్యం ఆ పెట్టకని అరుగు మీద పోసి, చీకటి పడకముందే తన ఇంటి దారి పట్టింది.