చివరి అక్షరం మీద బరువు

ఉదయం పదింటికి, బోర్డు మీద ఫ్రెంచి పదాలను అక్షరాలుగా విడగొట్టి చూపిస్తున్న మాస్టారిని కిటికీలోంచి కాల్చేశారు. సైలెన్సర్ వాడారు. మనిషి కుప్పకూలాకగానీ క్లాసుకు సంగతి అర్థం కాలేదు.

మాస్టారు ఒక గూఢచారి ఏజెంట్‌కు బావ, సొంత అక్క భర్త. డిపార్ట్‌మెంట్‌కు రహస్యంగా కోడ్‌లు విప్పిపెట్టేవాడు. శత్రుముఠా అంకెలను ఫ్రెంచి మాటల్లో దాస్తుందని, మాటను పలికితే ఎన్ని అక్షరాలు వినిపిస్తాయో అదే అంకె అని కనిపెట్టింది ఆయనే.

పదకొండున్నరకు ఏజెంట్ మెకానిక్ వేషంలో, పిల్లల ఆసుపత్రి బాయిలర్ గదిలో బోర్లా పడుకుని ఉన్నాడు. ఎదురుగా టైమ్‌బాంబు. మూడంకెలు సరిగ్గా నొక్కితే ఆగుతుంది, తప్పితే అక్కడికక్కడే పేలుతుంది. పైన ఆపరేషన్ బల్లల మీద ఉన్న పిల్లల్ని కదిపే వీల్లేదు. పట్టుబడ్డ ముఠా మనిషి సైనైడ్ కొరికి చచ్చాడు. వాడి బూటు మడమలో దొరికిన చీటీలో మూడు మాటలున్నాయి: అనిమల్, ముజీక్, లిబెర్తే.

ఇయర్‌పీస్‌లో చీఫ్. బయట వ్యాన్‌లో ఆయన పక్కన డిపార్ట్‌మెంట్ దుబాసీ. ముత్యాల దండ, మత్తైన గొంతు. ఆఫీసులో అందరికీ రాణీగారు. ఫ్రెంచి తన తల్లిభాష అని చెప్పుకుంటుంది.

"మూడు, మూడు, మూడు. నొక్కెయ్యండి," అందామె.

పేలడానికి తొంభై సెకన్లు. ఏజెంట్ వేలు ఆగింది. ముజీక్ చివర రాసే అచ్చును నోరు మింగేస్తుందని బావ చెప్పినట్టు గుర్తు. ఆ లెక్కన రెండే. కానీ తను నేర్చుకున్నది అక్కావాళ్ళింట్లో, భోజనాల దగ్గర. రాణీగారు పుట్టిందే ఆ భాషలో.

చివరి మాట ఒకసారి పలకమన్నాడు.

"లీబెర్తే." మొదటి అక్షరాన్ని ఒత్తింది.

ఏజెంట్ వేలు వెనక్కి లాక్కున్నాడు. ఫ్రెంచిలో ఒంటిగా పలికే మాటకు బరువు చివరి అక్షరం మీదే పడుతుందని బావ పదేపదే చెప్పించేవాడు. ఒత్తాల్సింది 'తే' దగ్గర. ఉగ్గుపాలతో నేర్చినవాళ్ళు అక్కడ జారరు.

"సార్, ఆవిణ్ణి పట్టుకోండి. అది ఆవిడ భాష కాదు."

చెవిలో పెనుగులాట. ఏడు సెకన్లే మిగిలాయి. మూడు నొక్కాడు. రెండు. మూడు.

బాంబు గడియారం ఒక్క సెకను దగ్గర ఆగిపోయింది.

రాణీగారి హ్యాండ్‌బ్యాగులో సైలెన్సర్ తగిలించిన పిస్తోలు దొరికింది. గొట్టంలో తుపాకిమందు వాసన ఇంకా పోలేదు. ఏజెంట్ ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. అక్కకు ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది తనే.

చీఫ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మన దగ్గర ఫ్రెంచి వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారయ్యా?"

"ఉన్న ఒక్కావిడకూ ఇందాకే బేడీలు వేశారు కదా సార్."