రెండు వేళ్ల సందు

పొయ్యి మీద కాఫీ బుసకొడుతోంది. ఎర్సీలియా కొత్త ఉన్ని జెర్సీని కొయ్యబొమ్మకు తొడిగి, ఛాతీ దగ్గర రెండు వేళ్లు దూర్చబోయింది. దూరలేదు.

"ఏమే నీవెస్, ఇది ఎవరు కత్తిరించారు?"

"నేనే. బిగుతుగా ఉంటేనే కుర్రకారు కొంటారమ్మా."

ఇటలీలో బెర్గామో కొండల కింద ఆ ఇల్లు యాభై ఏళ్లుగా సైకిలు పందేలవాళ్లకు జెర్సీలు కుడుతోంది. ఇప్పుడు వాళ్లు ఉన్ని ముట్టడం లేదు. ఆరు మిషన్లలో నాలుగింటికి దుప్పట్లు కప్పేశారు. అలాంటి రోజుల్లో మిలాన్‌లో కుర్రకారు ఫ్యాషన్ బట్టలమ్మే కొర్రాడో, తన పేరూ వీళ్ల పేరూ వేసి ఎనిమిది వందల జెర్సీలు చేద్దామన్నాడు. ఈ మధ్యాహ్నమే నమూనా చూపించాలి.

"కనుమ ఎక్కినవాడు దిగేముందు చలిగాలి కొట్టకుండా గుండెకు పేపరు అడ్డం పెట్టుకోవద్దూ? ఆ సందు లేకపోతే ఎట్లా?"

"వీళ్లు ఎక్కేది కనుమ కాదు, కాఫీ హోటలు మెట్లు! నాన్న ఉంటే ఒప్పుకునేవాడు."

"ఆ సందు పెట్టిందే మీ నాన్న!"

ఎర్సీలియా కుర్చీలో కూలబడింది. గొంతు తగ్గింది.

"మా పెళ్లికి ముందు ఒక పందెంలో అందరికంటే చివర వచ్చాడు. కనుమ మీద పేపర్లు పంచేవాళ్లంతా వెళ్లిపోయారు. ఇంకొకడు రావాలి కదా అని నేనొక్కదాన్నే ఉండిపోయా. పాపం, జెర్సీ బిగుతు. పేపరు సగమే దూరింది, సగం గాలికి పోయింది. చలికి దగ్గు పట్టింది. ఆ దగ్గుతోనే నన్ను పెళ్లికి అడగడానికి వచ్చాడు. మిషను కొన్నాక మొదటి జెర్సీకే రెండు వేళ్లు వదిలాడు. 'నీ పేపరుకి చోటు' అన్నాడంతే. నీ మేలు మరవనని ఆయన నోట ఇంకెప్పుడూ వినలేదు."

ఆ వదులు కొలతలో తప్పేమో అనుకుంటూ పెరిగింది నీవెస్. కప్పేసిన మిషన్ల వంక ఒకసారి చూసి, ఫోను తీసి స్పీకరు పెట్టింది.

"కొర్రాడో గారూ, ఛాతీ వదులుగానే ఉంటుంది. అది మార్చం. వద్దంటే మానేద్దాం."

అవతల నవ్వు.

"మా కుర్రాళ్లు బిగుతువి తొడుక్కోరండీ! బిగించమని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు.

"అడక్కుండానే బిగించావన్నమాట!" ఎర్సీలియా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పోనీలే, నువ్వే ఆ మిలాన్ వాణ్ణి పట్టుకురాకపోతే ఈ దుప్పట్లు ఎవరు తీసేవారే తల్లీ?"

నీవెస్ తండ్రి గీసిన పాత కొలతల అట్ట దించి, ఇంకో జెర్సీ కత్తిరించి కుట్టింది. మధ్యాహ్నం దాన్ని బొమ్మకు తొడిగి, ఆ ఉదయం వచ్చిన పేపరు మడిచి తల్లి చేతికిచ్చింది.

ఈసారి మొత్తం దూరింది.