ఊరుకోని చేతులు

"అలా కాదమ్మా, ఇటివ్వు," అంటూ పిచ్చుక జాయ్‌స్టిక్ లాగేసుకుంది. ఒక్కచోట నిలవదని ఇంట్లో ఆ పిల్లను అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ల్యాప్‌టాప్‌లో బొమ్మ క్రేన్ పెద్ద పెట్టెను ఎత్తి, బొమ్మ ఓడలో చక్కగా దింపింది. నూటికి తొంభై మార్కులు! అమ్మ నోరెళ్లబెట్టి చూస్తుంటే పిచ్చుక గాల్లో తేలిపోయింది.

అమ్మ ఓడరేవులో క్రేన్ నడుపుతుంది. ఇన్నాళ్లూ నిచ్చెనలెక్కి, ఆకాశంలో వేలాడే అద్దాల గదిలో కూర్చుని, ఇల్లంతేసి పెట్టెల్ని ఓడల్లోకి ఎక్కించేది. ఇప్పుడు ఆ పని కిందే, తెరల ముందు కూర్చుని చేయాలి. అందుకు పరీక్ష పాసవ్వాలి. లేకపోతే అమ్మకిష్టమైన క్రేన్ పని పోతుంది, గోడౌన్‌కి మార్చేస్తారు. ఇంట్లో సాధన అందుకే. కానీ అమ్మ తడబడితే చాలు, పిచ్చుక చేతులు ఊరుకోవు. వీడియో ఆటలాడి ఆరితేరిన చేతులాయె.

పరీక్ష రోజు సాయంత్రం అమ్మ వచ్చి, బ్యాగు కూడా దించకుండా కుర్చీలో కూలబడింది. తెర మీది పెట్టె ఓడ అంచుకు కొట్టుకుందట. వచ్చే వారం ఇంకొక్క అవకాశం ఇచ్చారట.

"మరి ఇంట్లో తొంభై వచ్చాయిగా?" అంది పిచ్చుక.

"అవి నీకొచ్చిన మార్కులు కదే."

అమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించి పిచ్చుకకు ఏడుపొచ్చింది.

మర్నాడు అమ్మ ల్యాప్‌టాప్ తెరిచి, జాయ్‌స్టిక్‌ను కూతురి వైపు జరిపి, ఒకసారి చేసి చూపించమంది. పిచ్చుక దాన్ని మళ్లీ అమ్మ ముందుకే తోసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంది. పెట్టె ఊగింది, జారింది, తగిలింది. పిచ్చుక పళ్లు బిగబట్టింది గానీ చెయ్యి తీయలేదు.

"నీకెక్కడ కష్టంగా ఉందమ్మా?" అని మాత్రం అడిగింది.

అమ్మ జాయ్‌స్టిక్ వదిలి నడుము మీద చెయ్యి వేసుకుంది. "పైన కూర్చున్నప్పుడు పెట్టె ఊగితే నా నడుముకి తెలిసేది. ఇప్పుడు కళ్లతో పట్టుకోవాలి."

పిచ్చుక ఆశ్చర్యపోయింది. అంత పెద్ద క్రేన్‌ను అమ్మ నడుముతో వినేదన్నమాట! ఆ వారమంతా అమ్మ తన కళ్లకు కొత్త పని నేర్పింది. పిచ్చుక పక్కనే కూర్చుని చూసింది.

అమ్మ పాసైంది.

పని చూడ్డానికి ఉద్యోగుల కుటుంబాలను ఓడరేవుకు పిలిచిన రోజున పిచ్చుక తెరల గది అద్దం ఇవతల నిలబడింది. బయట ఆకాశమంత ఎత్తున క్రేన్. పైనున్న గదిలో ఎవరూ లేరు. అయినా ఇల్లంత పెట్టె నేల విడిచి లేచింది. ఇక్కడ చూస్తే అమ్మ వేళ్లు కదిలీ కదలనట్టున్నాయి. పిచ్చుకకు ఒళ్లు ఝల్లుమంది.

అంతలో గాలి వీచి పెట్టె ఊగింది. పిచ్చుక చేతులు వాటంతటవే లేచాయి. గబుక్కున వాటిని వీపు వెనక్కి పెట్టుకుని, వేళ్లు గట్టిగా ముడేసుకుంది.

అమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. పెట్టె మెల్లగా ఊగడం మానేసి, ఓడలోకి దిగింది.