ఉయ్యాల పండగ పిలుపు

"తీగ పీకెయ్యండి! ఇంటర్నెట్ తీగ... పీకెయ్యండి!"

అరుస్తూనే పరిగెడుతోంది బూరులాయ్. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ చూసుకునేది ఆమే.

ఒక్కో గదిలో ఒక్కో తెర ఎర్రబడుతోంది. అన్నిటి మీదా ఒకటే మాట.

'మీ ఫైళ్లకి తాళం వేశాం. డబ్బు కడితేనే తాళంచెవి.'

పై అంతస్తులో, ఆపరేషన్ బల్ల మీద ఆమె చెల్లెలు జూరా. నెలలు నిండకముందే కాన్పు.

నెత్తురు ఆగడం లేదు!

జూరాది ఓ నెగెటివ్ గ్రూపు. ఈ కొండ ఊళ్లో ఆ రక్తం ఉన్నవాళ్లు నలుగురో ఐదుగురో. నిల్వ లేదు. వాళ్లని పిలిపిద్దామంటే ఫోన్ నంబర్లు... ఆ ఎర్ర తెర వెనకాల.

"కట్టేద్దామా?" పెద్ద డాక్టర్ తొక్తొసున్ అడిగాడు.

"కడితే ఇస్తారని నమ్మకమేంటి సార్? మనకి కాపీ ఉంది!"

ఉంది. ప్రతి శుక్రవారం అన్నీ ఒక డిస్క్‌లోకి ఎక్కిస్తుంది. వెంటనే తీగ పీకేస్తుంది. అది ఈ గోడల మధ్య ఉండకూడదని డ్రైవర్ సాబిర్‌బెక్ చేతికిచ్చి అతనింటికి పంపేస్తుంది. ఆమె పెట్టిన కట్టుబాటే.

ఫోన్ చేసింది. ఎత్తడు! సంచి భుజాన వేసుకుని అతనింటి వైపు బయల్దేరింది.

పరుగు. బజారు... రొట్టెల బండ్లు... అడ్డంగా గొర్రెల మంద. తోసుకుంటూ పరుగు!

నారిన్ నది ఒడ్డున అంబులెన్స్ కడుగుతూ కనబడ్డాడు.

"అన్నా! డిస్క్... డిస్క్ ఏదీ?"

"ఊపిరి పీల్చుకో తల్లీ. గుర్రప్పందెంలో నిన్ను దింపాల్సింది." కోటు లోపలి జేబు తడుముతాడు. "ఇదిగో. గుండె పక్కనే పెట్టుకున్నా."

"బండి తియ్యి! జూరా చచ్చిపోతోంది!"

నవ్వు ఎగిరిపోయింది. సైరన్ కూస్తోంది.

ఊగుతున్న బండిలోనే సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. ఇంటర్నెట్ మొహం చూడని లాప్‌టాప్. ఇలాంటి రోజు కోసమే దాచింది. డిస్క్ పెట్టింది.

ఫైళ్లు... ఒకటి... పది... వంద.

అన్ని పేర్ల చివరా ఏవో పిచ్చి అక్షరాలు!

ఒక్కటీ తెరుచుకోదు.

"అన్నా..." డిస్క్ చూపించింది. "దీన్ని దేనికైనా తగిలించావా?"

"పొద్దున, మా ఇంటి కంప్యూటర్‌కి. పిలుపు దాచుకుందామని."

"ఏం పిలుపు?"

"అదేంటమ్మా! మీ జూరా బిడ్డకి ఉయ్యాల పండగ పిలుపు. బిడ్డ పుట్టకముందే ఈ పిలుపేంటి, కీడు కాదూ అని మా ఆవిడ గొణిగింది కూడా. సొంత అక్కే పంపాక నీకెందుకే అని కసిరా. కంప్యూటర్‌లో అయితేనే తెరుచుకుంటుందని రాసి పంపావుగా. పండగ పిలుపొస్తే తెరవకుండా పక్కన పడేస్తామా?"

బూరులాయ్ తన ఫోన్ తీసి పాత మెసేజ్‌లు వెనక్కి జరిపింది.

నిన్న సాయంత్రం. జూరా నంబర్ నుంచి, ఉయ్యాల పండగ పిలుపంటూ ఒక ఫైలు. సంతోషం పట్టలేక ఆఫీసు కంప్యూటర్‌లోనే తెరిచింది. ఖాళీ తెర! ఎవరికైనా తెరుచుకుంటుందేమోనని అరవై మందికి పంపింది.

పుట్టని బిడ్డకి జూరా ఉయ్యాల కడుతుందా? కనీసం ఆ మాటైనా ఎత్తుతుందా? ఆమె పేరు పెట్టుకుని ఆ తాళం వేసినవాళ్లే పంపారు.

ఒక్కసారి ఫోన్ చేసి అడగలేదు. ఒక్కసారి!

ఫోన్ మోగింది. నర్స్. వెనకాల... పసిబిడ్డ ఏడుపు.

"ఆడపిల్ల అక్కా! నంబర్ దొరికిందా? తొందరగా చెప్పు... జూరా కళ్లు మూసేస్తోంది!"

బూరులాయ్ తెర మీద చివరి ఫైలు కూడా నొక్కి చూసింది.

చెప్పడానికి ఒక్క అంకె లేదు.