అర మిల్లీమీటరు తప్పు

ఉదయం ఎనిమిదీ పది. కార్ఖానా ఏరియాలో ఒక డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్ మీద నోవహు నల్లకోటు పెట్టాడు.

“కాలర్ మీద మరక పోవాలి.”

“ఏం మరక?” కౌంటర్‌లో మనిషి తలెత్తలేదు.

“వాన మరక.”

కోడ్ కలిసింది. ఇస్త్రీ చీరల వెనక తలుపు తెరుచుకుంది. మండు వేసవిలో వాన మరకేమిటని పక్కనున్న కస్టమర్ ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఆ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఏ మహానుభావుడూ ఆలోచించలేదు!

లోపల చీఫ్ లీలాకుమారి ఫైలు తిరగేస్తోంది. “కూర్చో.”

నోవహు కూర్చోలేదు. కూర్చోవడం అతనికి చేతకాదు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, మోకాలు పట్టుకుంటే వేళ్లు ఆడతాయి. పదకొండేళ్ల సర్వీసులో అతను స్థిమితంగా ఉన్నది ఒక్కసారే, అదీ ఆపరేషన్‌కు మత్తిచ్చినప్పుడు.

“మన స్పేస్ స్టేషన్‌లో నలుగురున్నారు,” అంది లీలాకుమారి. “తిండీ నీళ్లూ పంతొమ్మిది రోజులకే ఉన్నాయి. సరుకు తీసుకెళ్లే నౌక వచ్చే వారం ఎగురుతుంది. అందులో మనిషుండడు. స్టేషన్ ఎంత దూరముందో, ఎక్కడ బ్రేక్ వెయ్యాలో చెప్పేది డాకింగ్ సెన్సర్. టిఫిన్ బాక్సంత డబ్బా. ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో తయారైంది.”

“దాని మీద ఎవరి కన్ను పడింది?”

“మెరిడియన్ అనే విదేశీ ముఠా. వాళ్ల వెనకున్న కంపెనీకీ సరుకు నౌకలున్నాయి. మన నౌక పోయి స్టేషన్‌ను గుద్దితే ఇక అందరికీ వాళ్ల నౌకలే గతి. అచ్చం అలాంటి డూప్లికేట్ చేశారు. ఆఖరి పది మీటర్లలో అది దూరం తప్పు చెబుతుంది. నౌక బ్రేక్ వెయ్యదు.”

“ఆ నలుగురూ?”

“ఒక్కరూ మిగలరు. పదకొండున్నరకు బేగంపేట నుంచి లాంచ్ సెంటర్‌కు స్పెషల్ ఫ్లైట్. అందులో అసలుదే ఎక్కాలి.” లీలాకుమారి ఒక పెన్ను జరిపింది. “నొక్కితే యాసిడ్. డూప్లికేట్ దొరగ్గానే అక్కడికక్కడే కాల్చెయ్. కల్పలత సలహా ఇది.”

కల్పలత ఆ ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటుంది. డిపార్ట్‌మెంట్ లెక్కలో మాత్రం తమ మనిషి. రెండేళ్ల కింద హామీ ఉండి ఆమెను తీసుకొచ్చింది నోవహే. హామీతో ఆగాడా అంటే, ఆగలేదు పాపం. రిటైరయ్యాక మారేడ్‌పల్లిలో చిన్న ఇల్లు, వరండాలో ఇద్దరికీ రెండు కుర్చీలు అని మనసులోనే ప్లాను గీసి పెట్టుకున్నాడు.

తొమ్మిదింటికి నోవహు ఆ ఫ్యాక్టరీ ప్యాకింగ్ గదిలో ఏసీ మెకానిక్. నీలం యూనిఫాం, అంటించిన మీసం. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలి కదా అని గోడకున్న ఫిల్టర్ ఊడదీసి మళ్లీ బిగించాడు.

“ఏంది తమ్మీ, ఫిల్టర్ ఉల్టా పెట్టినవ్? బాణం గుర్తు కనవడ్తలేదా?”

అడిగింది జంగయ్య. డబ్బాను బిగించిన ఫిట్టర్. ఇంకో పన్నెండు రోజుల్లో రిటైర్మెంట్. స్నానం చేయించిన పసిబిడ్డను తుడిచినట్టు, పారదర్శకమైన సంచిలోని ఆ డబ్బాను తుడుస్తున్నాడు. ఎడమ బొటనవేలు మాత్రం కింది మూల మీద నుంచి కదలడం లేదు. నోవహు అది చూశాడు. చూడడం అతని ఉద్యోగం, అర్థం కావడం తర్వాతి సంగతి.

“ఎంత జాగ్రత్తో, పెద్దాయనా!”

“ముప్పై నాలుగేండ్లల ఒక్క మెమో లేదు తమ్మీ. గిదొక్కటి సాగనంపి ఇజ్జత్‌గ ఇంటికి పోత.”

అంతలో కల్పలత వచ్చింది. తెల్ల గౌను, మాస్క్. బయటికి కనిపించేవి కళ్లే అయినా అవి చాలు. “ఫైనల్ ఇన్‌స్పెక్షన్. ఐదు నిమిషాలు అందరూ బయటుండండి.”

ఐదు నిమిషాల తర్వాత డబ్బాతో సీలు వేసిన కేసు బయటికొచ్చింది. నోవహు పక్కనుంచి పోతూ ఆమె గొంతు తగ్గించింది. “బేగంపేట. పాత ఎయిర్‌పోర్ట్ గేటు ముందు గ్రే వ్యాన్. డ్రైవర్ తుకారాం. డూప్లికేట్ అందులోనే ఉంది.”

పది యాభై. గ్రే వ్యాన్‌కు నోవహు బైకు అడ్డం పెట్టాడు. తుకారాం పారిపోలేదు, గొడవపడలేదు. తాళాలు బానెట్ మీద పెట్టి చేతులెత్తాడు. సీటు కింద డబ్బా దొరికింది. అదే సైజు, అదే నంబరు, అదే సంచి.

క్యాబ్‌లోంచి కల్పలత దిగింది. మెరూన్ చీర, నల్లద్దాలు, ట్రాఫిక్ అంతా ఒకసారి నెమ్మదించింది.

“పెన్ను తియ్యి, నోవహూ. తొందరగా!”

పెన్ను తీశాడు. వేలు నొక్కడానికి ఒప్పుకోలేదు. విదేశీ ముఠా డ్రైవర్ ఇంత మర్యాదగా లొంగిపోతాడా? పొద్దున ఆ ముసలాయన బొటనవేలు ఎందుకు కదలలేదు?

“ఏంటాలోచిస్తున్నావ్? నా మీద నమ్మకం లేదా?”

“ఉంది,” అన్నాడు. రెండు నిమిషాల కిందటి దాకా అది నిజమే. తుకారాంను గేటు సెక్యూరిటీకి అప్పగించి, మీసం పీకి పడేసి, డబ్బా చంకలో పెట్టుకున్నాడు. “అందుకే ఒక్కసారి చూసుకుందాం, పద.”

విమానం దగ్గర పదకొండూ పద్దెనిమిది. చేసిన మనిషే వస్తువును విమానం దాకా సాగనంపడం ఆ ఫ్యాక్టరీ ఆనవాయితీ కనుక, తెల్ల గ్లౌజులేసుకుని జంగయ్య అక్కడే ఉన్నాడు. పక్కన మేనేజర్ హరికిషన్.

“సీలు తియ్యడమా? కుదరదండీ!” హరికిషన్ ఎగిరిపడ్డాడు. నోవహు కార్డు చూపించాడు. కుదిరింది.

రెండు డబ్బాలు పక్కపక్కనే. వెంట్రుకవాసి తేడా లేదు.

“టెస్ట్ చెయ్యాలంటే ఆరు గంటలు,” హరికిషన్ చెమట తుడుచుకున్నాడు. “ఈ ఫ్లైట్ తప్పితే లాంచ్ తప్పినట్టే. మళ్లీ ఇరవై ఆరు రోజులు ఆగాలి.”

పైనున్న తిండి పంతొమ్మిది రోజులకే.

“పెద్దాయనా, మీది ఏది?”

జంగయ్య రెండింటినీ చూశాడు. మొహంలో నెత్తురు లేదు. హరికిషన్ వైపు చూసి తల దించుకున్నాడు.

“ఆయనకేం తెలుసు?” అంది కల్పలత. “ఇన్‌స్పెక్షన్ చేసింది నేను. కేసులో ఉన్నదే అసలుది. చూడండి, ఒక్క గీతైనా ఉందా?”

నోవహు ముసలాయన దగ్గరికి జరిగాడు. “పైన నలుగురు ప్రాణాలు పట్టుకుని కూర్చున్నారు. పొద్దున మీ వేలు ఏ మూల మీదుందో చూశాను. ఎందుకో నాకొద్దు. మీ డబ్బా ఏదో చెప్పండి చాలు.”

జంగయ్య కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

“మేడం చెప్పింది నిజమే సార్. గా కేసుల డబ్బకు ఒక్క గీత లేదు. అందుకే గది నాది కాదు. నా దాంట్ల తప్పున్నది. కింది మూలకు బోల్టు రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు వడ్డది. ఆఖరు పనిల మెమో వస్తదని భయపడి ఎవ్వలకు చెప్పలే. రంధ్రం పెద్దగ చేసి, సన్న గొట్టం దింపి, పాలిష్ కొట్టిన. టార్చ్ ఏసి సూడుండ్రి, గుండ్రంగ గీత అవుపడ్తది.”

నోవహు వ్యాన్ డబ్బా మీద టార్చ్ వేశాడు. మూలలో సన్నటి వలయం. కేసులోని దానికి ఆ మూల నున్నగా ఉంది.

దొంగిలించిన డ్రాయింగులు చూసి ముఠా డూప్లికేట్ చేసింది. జంగయ్య తప్పు ఏ డ్రాయింగులోనూ లేదు. కల్పలత ఆ ఐదు నిమిషాల్లో డబ్బాలు మార్చేసింది. అసలుదాన్ని నోవహు చేత్తోనే కాల్పించాలని వ్యాన్‌లో పెట్టించింది. ఇన్నాళ్ల ఇన్‌స్పెక్షన్‌లో ఆమె కంటికి చిక్కనిది ఆ బొటనవేలి కిందిదొక్కటే.

కల్పలత చెయ్యి మెరుపులా కదిలింది. నోవహు పై జేబులో పెన్ను లాక్కుని, అసలు డబ్బా మీద గురిపెట్టి నొక్కింది.

“నా డబ్బ!” జంగయ్య రెండు చేతులూ డబ్బా మీద పరిచేశాడు.

చుక్కలు గ్లౌజుల మీద పడ్డాయి. పొగ రాలేదు. గ్లౌజుల మీద నీలం సిరా పాకింది.

“అది ఏసీ బిల్లులు రాసే పెన్ను, కల్పలతా,” అన్నాడు నోవహు. “అసలుది నా సాక్సులో ఉంది.”

సెక్యూరిటీ ఆమె చేతులు పట్టుకుంది. “ఎప్పట్నుంచి అనుమానం?” అంది కల్పలత.

“అరగంట నుంచి. రెండేళ్ల నుంచి ఉండాల్సింది.” వరండాలో రెండో కుర్చీని అతను అక్కడే మడిచేశాడు. చాలా బాధేసింది.

పదకొండూ ఇరవై ఎనిమిది. హరికిషన్ డిజైనర్‌కు ఫోన్ చేశాడు. ఆ గొట్టం బోల్టును గట్టిగానే పట్టుకుంటుంది, ఎక్కించండి, అన్నారు అటునుంచి. డబ్బా లోపలికి పోయిన మరుక్షణం విమానం తలుపు పడింది.

పదకొండో రోజున సరుకు నౌక, నిద్రపోతున్న ఇంట్లో తలుపు దగ్గరికేసినంత మెల్లగా, స్టేషన్‌కు ఆనుకుంది.

పన్నెండో రోజు జంగయ్యకు వీడ్కోలు. దండ, శాలువా, వాటితో పాటు మెమో. దాన్ని పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ నోవహు దగ్గరికొచ్చాడు.

“ఆఖరు రోజు బోణీ అయింది సార్. తప్పు దాచినందుకు మందలించిండ్రు. మంచిగైంది, గుండెల మీది బరువు దిగింది. గింకొక లైన్ సుత ఉన్నది, జెర సదువుండ్రి.”

నోవహు చదివాడు. “ప్యాకింగ్ గదిలో ఫిల్టర్ తలకిందులుగా బిగించిన ఏసీ మెకానిక్ పేరు వెంటనే తెలపవలెను.”

“చెప్పారా?”

“యాది లేదన్న. మీసముండె అన్న.”

ఆ మీసం కోసం ఫ్యాక్టరీవాళ్లు ఇప్పటికీ గాలిస్తున్నారు.