ఇంటివైపు వచ్చిన చుక్క

వంటింటి బల్ల మీద రెండు డబ్బాలు పెట్టుకుని మా ఆయన ఎల్డన్ తల గోక్కుంటున్నాడు. రెండూ ఉపగ్రహంతో మాట్లాడేవే. ఎక్కడున్నాడో నా ఫోన్‌లో చుక్కగా చూపిస్తాయి. అలాస్కా కొండల్లో చిన్న విమానం నడుపుకుంటూ ఒక్కడే తిరిగే మనిషికి అది లేకపోతే కుదరదు.

"పెద్దది తీసుకో అన్నయ్యా, విమానంలో బిగించేద్దాం. చిన్నదైతే జాకెట్‌తో సహా బారులో మర్చిపోయి వస్తావు," అన్నాడు మరిది ఒరిన్.

నేను నలుగురిలో నోరు విప్పను. ఆ రోజు విప్పాను.

"చిన్నదే. విమానంలో ఉన్నది విమానంతో పోతుంది. ఒంటిమీద ఉన్నదే మనిషితో వస్తుంది."

మా పైలట్లు ఎప్పుడూ అనుకునే మాటే.

ఎల్డన్ నవ్వాడు. "నేనెక్కడ తిరిగినా నీకు తెలిసిపోవాలన్నమాట!"

"తెలియాలి. ఎక్కడున్నా ఇంటికి రావాలి."

చిన్నదే జాకెట్‌కి తగిలించాడు. దిగాక మీట నొక్కితే నాకు వచ్చే మాట కూడా తనే రాసి పెట్టాడు: 'చేరాను. కాఫీ పెట్టు.'

జనవరిలో వేటగాళ్ళకు సరుకులిచ్చి తిరిగొస్తుంటే చుక్క కొండ కనుమలో ఆగిపోయింది. మంచు తుఫాను తగ్గేదాకా ఎవరూ ఎగరలేకపోయారు. తగ్గగానే ఒరిన్ విమానంలో వెతకడానికి వెళ్ళాడు.

అతను వెళ్ళాక చుక్క కదిలింది. ఏరు దాటి ఇంటివైపు వస్తోంది. ఏడుస్తూనే కాఫీ పెట్టి ఆయన కప్పులో పోశాను.

మా దగ్గర చలికాలం కదా, మధ్యాహ్నం దాటగానే చీకటి పడింది. రేడియో గరగరలాడింది.

"వదినా... అన్నయ్య దొరికాడు. సీటులోనే... బిగుసుకుపోయి..."

"కాదు ఒరిన్! నడిచి వస్తున్నాడు. మన ఇంటి దగ్గర చెరువు దాకా వచ్చేశాడు!"

ఒరిన్ గొంతు తగ్గించి గుసగుసగా, "వదినా... ఆ డబ్బా నా చేతిలో ఉంది. పగిలిపోయింది."

ఫోన్ చూశాను. చుక్క మా ఇంటి మీదే.

ఆయన జాకెట్‌కి ఎప్పుడూ ఉండే పెట్రోలు వాసన. మెట్ల మీద బూట్ల మంచు దులుపుతున్న చప్పుడు. ఎడమకాలు రెండుసార్లు... ఎప్పటిలాగే...

ఫోన్ మోగింది. 'చేరాను. కాఫీ పెట్టు.'

చలికాలంలో మా దగ్గర ఎవరూ తలుపుకి గడియ పెట్టరు. చలికి చిక్కినవాడు ఎవడైనా లోపలికి రావాలి. ఆ రోజు నేను పెట్టాను. నా మొగుడు రాకుండా.

"ఏమే... చలేస్తోందే..."

పొయ్యి పక్కన చెవులు మూసుకుని కూర్చున్నాను...

తెల్లారి ఒరిన్ పిలిస్తే లేచాను. గడియ పెట్టినట్టే ఉంది. మెట్ల మీద ఒరిన్ అడుగులు తప్ప ఏమీ లేవు.

బల్ల మీద ఆయన కప్పులో కాఫీ సగమే ఉంది. ఆ సగం గడ్డకట్టింది.

పొయ్యి ఇంకా మండుతూనే ఉంది.