ఉప్పుతో కురిసిన మంచు

పొద్దున్నే ఫోను మోగింది. టీ కప్పు కింద పెట్టకుండానే ఆవిడ మాట్లాడి, "అలాగే బాబూ, తప్పకుండా వస్తాను" అని పెట్టేసింది. రొట్టె కాలుస్తున్న కోడలు వెనక్కి తిరిగి చూసింది. డెబ్బై దాటిన అత్తగారు ఈమధ్య ఏ పనికీ ఇంత చకచకా ఒప్పుకున్నది లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నా వారం రోజులు బతిమాలించుకుంటుంది.

"ఎవరత్తయ్యా?"

"మెయిన్ రోడ్డు థియేటరు వాళ్ళు. ఆదివారం మా మంచు సినిమా వేస్తున్నారట. పాత ప్రింటు శుభ్రంగా బాగుచేశారట. అదెలా తీశామో ఆటకి ముందు నన్ను చెప్పమంటున్నారు."

సెలవులు వచ్చాయంటే ఏదో ఒక టీవీలో ఆ సినిమా రావలసిందే. మంచులో ఇరుక్కుపోయిన రైలు, అందులో ఇంటికి బయల్దేరిన తండ్రి, కొండ కింద దీపాలతో మినుకుమనే చిన్న ఊరు. ఆ ఊరు ఎక్కడుందో చూసి వద్దామని బయల్దేరినవాళ్ళు కూడా ఉన్నారు. ఉంటే కదా! ఒక రేకుల షెడ్డులో, చెక్క బల్లల మీద, బుల్లి బుల్లి అట్ట ఇళ్ళతో దాన్ని కట్టింది ఈవిడే. అందుకే స్టూడియోలో అందరూ ఆవిడని ఊరమ్మ అనేవారు.

ఇంత పేరున్న సినిమాని ఒక్కసారీ చూడని మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆవిడ కొడుకు. తన కళ్ళజోళ్ళ షాపుకి బయల్దేరబోతున్నవాడల్లా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నువ్వు వెళ్తే వెళ్ళమ్మా. నన్ను మాత్రం రమ్మనకు."

"రమ్మంటాను. నువ్వు రావాలి."

"ఆ సినిమా ఊసెత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఎత్తకుండానే ఇన్నాళ్ళూ గడిపాం. ఏం బాగుపడ్డాం?"

అతను చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయాడు. రొట్టె మాడిన వాసన వచ్చేదాకా అత్తాకోడళ్ళిద్దరూ అలాగే నిలబడిపోయారు.

సాయంత్రం అతను తిరిగొచ్చేసరికి ఆవిడ గదిలో మంచమంతా అట్టముక్కలే. థియేటరులో చూపించడానికి బొటనవేలంత ఇల్లొకటి చేస్తోంది. పైకప్పు రెండుసార్లు ఊడొచ్చింది. మూడోసారి అతికిస్తుండగా కొడుకు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"పట్టు వదలవన్నమాట."

"పైకప్పు నిలబడేదాకా వదలను."

"నేను అడిగేది ఇంటి గురించి కాదు."

"తెలుసు. లోపలికి వచ్చి అడుగు."

అతను లోపలికి వచ్చాడు కానీ కూర్చోలేదు. "నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బడికి సెలవులిచ్చిన రోజే నన్ను పెద్దమ్మ ఇంట్లో దింపేశావు. మళ్ళీ బడి తెరిచాక వచ్చావు. నాన్నేమో లారీ మీద ఎక్కడ తిరుగుతున్నాడో తెలీదు. వీధిలో ఏ బస్సు ఆగినా నువ్వేనని పరిగెత్తేవాణ్ణి. పెద్దమ్మ కొడుకులు నన్ను చూసి నవ్వేవాళ్ళు." "ఆ సినిమాలో తండ్రి ఇంటికి చేరితే చూసేవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటారు. నాకెలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

గొడవ ముదురుతోందని కోడలు వంటగదిలోంచి వచ్చేసింది. "ఏమండీ, మెల్లగా..."

"అననీ అమ్మా. ఇప్పటికైనా అన్నాడు" అంది ఆవిడ.

"ఒక్క మాట చాలమ్మా. వెళ్ళడం తప్పయిందని చెప్పు. రేపట్నుంచి ఈ మాటే ఎత్తను."

ఆవిడ జిగురు అంటిన వేళ్ళు చీరకొంగుకి తుడుచుకుంది. ఆ ఒక్క మాటతో గొడవ తీరిపోతుందని తెలుసు. కానీ మొదటిసారి ఆ బుల్లి కిటికీలన్నిటిలో దీపాలు వెలిగిన సాయంత్రం గుర్తొచ్చింది. తిట్టుకుంటూ, చెమటలు కక్కుకుంటూ పనిచేస్తున్న షెడ్డంతా ఒక్కసారి నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దానికి కారణం తన చేతులు.

"అనను నాన్నా. ఇల్లు గడవక వెళ్ళానని చెప్తే నీకు కాస్త తేలికగా ఉంటుందేమో. అదీ అబద్ధమే. ఆ పని నాకు ప్రాణం కాబట్టి వెళ్ళాను. రోజూ నువ్వు గుర్తొచ్చేవాడివి. అయినా వెళ్ళాను. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్తాను. నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. కానీ ఆ పనేమిటో ఒక్కసారి కళ్ళారా చూసి తిట్టు."

అతను విసురుగా వెళ్ళిపోయాడు. ఆవిడ మళ్ళీ జిగురు సీసా మూత తీసింది. కళ్ళు మసకలు కమ్ముతుంటే కోడలే అట్ట ఇంటిని పట్టుకుంది. "ఇటు వంగిందత్తయ్యా, కాస్త అటు నొక్కండి" అంటూ.

ఆదివారం థియేటరు కిటకిటలాడింది. కోడలు పక్కన కుర్చీ ఒకటి ఖాళీగా అట్టేపెట్టింది. ఎవరైనా కూర్చోబోతే "మనిషున్నారండీ" అంటోంది, ఆ మనిషి వస్తాడో రాడో తనకే తెలియకపోయినా.

ఊరమ్మ వేదిక ఎక్కి, అట్ట ఇంటిని అరచేతిలో పెట్టుకుని చూపించింది. మండువేసవిలో, రేకుల కింద, లైట్ల వేడికి మనుషులు కళ్ళు తిరిగి పడిపోతుంటే తీసిన మంచు అది అని చెప్పింది. ముందు పిండి చల్లారు, ఎలుకలు పండగ చేసుకున్నాయి. ఉప్పు పోశారు, అది చెమ్మకి గడ్డకట్టింది. ఆ ఉప్పునే రోజూ పెనం మీద వేయించి, పాలరాతి పొడి కలిపి జల్లించారు. దూరంగా కనపడాల్సిన ఇళ్ళని మరీ చిన్నవిగా కట్టి వెనక వరసలో పెట్టారు. జనం పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. కొడుకు వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ చూసింది.

"పనిచేసినవాళ్ళ పేర్లు సినిమా చివర వస్తాయి. అందులో ఒక పేరు లేదు. ఆ వేసవికి నాకొక ఎనిమిదేళ్ళ కొడుకున్నాడు. నేను ఈ ఊరు కడుతుంటే వాడు వేరే ఊళ్ళో గుమ్మంలో కూర్చుని నాకోసం చూశాడు. మేమంతా మా పని ఇచ్చాం. వాడు తన సెలవులు ఇచ్చాడు. వాణ్ణెవరూ అడగలేదు. మీకీ సినిమా నచ్చితే, వాడికీ ఒకసారి చప్పట్లు కొట్టండి."

ఎవరికి కొడుతున్నారో తెలియకుండానే హాలంతా చప్పట్లు కొట్టింది. అతను తల దించుకున్నాడు. దీపాలు ఆరాక, ఖాళీ కుర్చీలో ఎవరో కూర్చున్న చప్పుడైంది. కోడలు అత్తగారి కుర్చీలోకి జరిగి, వేదిక దిగి వచ్చిన ఆవిడని మధ్యలో కూర్చోబెట్టింది.

తెర మీద కొండ కింద ఊరు మేలుకుంది. కిటికీలు ఒక్కొక్కటే వెలిగాయి. పొగగొట్టాల్లోంచి బద్ధకంగా పొగ లేచింది. రైలు వంతెన దాటుతుంటే అతను ముందుకు వంగిపోయాడు. తండ్రి తలుపు తట్టిన చోట అతని భుజాలు కదిలాయి. ఆవిడ అటు చూడలేదు. చెయ్యి మాత్రం అతని చేతి మీద వేసింది. అతను తీసెయ్యలేదు.

జనమంతా వెళ్ళిపోయినా ముగ్గురూ లేవలేదు.

"అమ్మా."

"ఊఁ."

"ఆ పొగ ఎలా తెప్పించారు?"

ఆవిడ అతని వైపు తిరిగింది. "బల్ల కింద మనుషులు పడుకుని, సన్నటి రబ్బరు గొట్టాల్లోకి సిగరెట్టు పొగ ఊదేవారు. కెమెరా వేగంగా తిప్పేవాళ్ళం, తెర మీద నెమ్మదిగా కదలాలని. దగ్గలేక చచ్చేవాళ్ళు పాపం!"

అతను నవ్వబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నన్నూ తీసుకెళ్ళి ఉంటే, నాకూ ఒక గొట్టం ఇచ్చేదానివా?"

"నీకు గొట్టమెందుకురా?" అంది ఆవిడ. "రైలుకి కట్టి లాగే తాడే నీ చేతికిచ్చేదాన్ని."

యాభై ఏళ్ళ ఆ మనిషి తల్లి భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.